మేడ మీద గదికి వైఫై రావాలంటే: యాక్సెస్ పాయింట్ పెట్టుకునే పద్ధతి

పెళ్లి భోజనాల బంతిలో కూర్చున్నా, ఊళ్లో అరుగు మీద కూర్చున్నా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "కింద హాల్లో నెట్ బ్రహ్మాండంగా వస్తుందండీ. మేడ మీదకి వెళ్తే గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. రిపీటర్ కొనమంటారా?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకే మొత్తం ఒకచోట రాసిపెడుతున్నాను.

నా జవాబు ముందే చెప్పేస్తాను. రిపీటర్ కొనకండి. ఆ డబ్బుతో తీగ కొనండి. కింద రౌటర్ నుంచి మేడ మీదకి ఒక ల్యాన్ కేబుల్ లాగి, దాని చివర యాక్సెస్ పాయింట్, అంటే తీగలో వచ్చిన నెట్‌ని వైఫైగా వదిలే డబ్బా, పెట్టండి. మూలపడి ఉన్న పాత రౌటర్ ఉంటే అదే యాక్సెస్ పాయింట్‌గా పనికొస్తుంది.

ఎందుకో నాలుగు ముక్కల్లో చెప్తాను, తర్వాత థియరీ జోలికి వెళ్లను. మన ఇళ్ల స్లాబు అంటే సిమెంటు, మధ్యలో ఇనుప ఊచల వల. కింద నుంచి వచ్చే సిగ్నల్‌లో ఎక్కువ భాగం అక్కడే ఆగిపోతుంది. నాలుగు యాంటెన్నాల రౌటర్ కొన్నా లాభం తక్కువ. రౌటర్ గట్టిగా అరిస్తే ఫోన్‌కి వినపడొచ్చు గానీ, ఫోన్ గొంతు చిన్నది, దాని జవాబు కిందికి చేరాలి కదా. ఇక రిపీటర్ సంగతి: అది గాలిలో అందిన బలహీనమైన సిగ్నల్‌నే మళ్లీ గాలిలోకి వదులుతుంది. వినడానికీ చెప్పడానికీ ఒకటే రేడియో ఉన్న రకాల్లో వేగం సగానికి పడిపోతుంది. ఫోన్‌లో గీతలు నిండుగా కనిపిస్తాయి, వీడియో మాత్రం కదలదు. యాక్సెస్ పాయింట్‌కి ఆ ఇబ్బంది లేదు. నెట్ తీగలో మేడ మీదకి చేరి, అక్కడి నుంచి కొత్తగా మొదలవుతుంది.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక పావుగంట

ఫోన్ పట్టుకుని రౌటర్ పక్కనే నిలబడి, 5 గిగాహెర్ట్జ్ వైఫై (రౌటర్ ఇచ్చే రెండు బ్యాండ్లలో వేగమైనది, రెండోది 2.4) మీద స్పీడ్ టెస్ట్ చేయండి. అక్కడే మీ ప్లాన్ వేగం రాకపోతే తప్పు లైనుదో, రౌటరుదో. అప్పుడు యాక్సెస్ పాయింట్ పెట్టినా ఆ నత్తనడక నెట్‌నే పైకి మోస్తుంది. ముందు కనెక్షన్ ఇచ్చినవాళ్లకి ఫోన్ చేయండి.

తర్వాత రౌటర్ ఎక్కడ ఉందో చూడండి. కనెక్షన్ ఇచ్చే కుర్రాడు తనకి తీగ ఎక్కడ అందితే అక్కడ బిగించి వెళ్తాడు. అది టీవీ వెనకో, చెప్పుల స్టాండ్ పైనో, ఇనుప బీరువా పక్కనో అవుతుంది. దాన్ని బయటికి తీసి, మనిషి ఎత్తులో, చుట్టూ ఖాళీగా ఉన్నచోట పెట్టండి. కొన్ని ఇళ్లలో ఇంతటితోనే సమస్య తీరిపోతుంది, మిగతాది చదవక్కర్లేదు.

జరిపేటప్పుడు ఫైబర్ తీగతో జాగ్రత్త. లోపల ఉన్నది గాజు. చేతి గాజు కంటే చిన్న చుట్టగా మడవకూడదు. పీకిన కొసని కంటికి ఎదురుగా పెట్టి చూడకూడదు. అందులో వెలుగు కంటికి కనపడదు, కానీ కంటికి హాని చేయొచ్చు.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై ఎనలైజర్ తరహా యాప్ ఏదైనా వేసుకుంటే సిగ్నల్ బలం మైనస్ అంకెల్లో, డీబీఎంలలో కనిపిస్తుంది. ఐఫోన్ అయితే యాపిల్ వారి ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ యాప్ వేసుకుని, ఫోన్ సెట్టింగ్స్‌లో దాని వైఫై స్కానర్ ఆన్ చేసుకోవాలి. హాలు, వంటగది, మెట్లు, పై గదులు, ఒక్కోచోట నిలబడి అంకె రాసుకోండి. మైనస్ 50 దరిదాపుల్లో ఉంటే చాలా బాగున్నట్టు. మైనస్ 67 వరకు వీడియో కాల్ హాయిగా నడుస్తుంది. మైనస్ 75 దాటితే తిప్పలే. ఈ కాగితం పారేయకండి, చివర్లో దీంతో పని ఉంది.

కావాల్సినవి

- యాక్సెస్ పాయింట్. సీలింగ్‌కి బిగించే గుండ్రటి రకాలు టీపీ లింక్ ఒమాడా, యూబిక్విటీ యూనిఫై లాంటి వరుసల్లో దొరుకుతాయి. లేదా రెండు బ్యాండ్లు ఉన్న పాత రౌటర్, పోర్టులు గిగాబిట్‌వి (1000 ఎంబీపీఎస్ వేగంవి) అయితే మంచిది. పదేళ్ల నాటి ఒకే బ్యాండు రౌటర్ పెడితే అది ఇచ్చే వేగం కూడా పదేళ్ల నాటిదే.
- క్యాట్ 6 కేబుల్, అసలు రాగిది. కొలిచిన పొడవు కంటే మూడు మీటర్లు ఎక్కువ తీసుకోండి. మొత్తం 100 మీటర్లు దాటకూడదు, ఇంట్లో ఎలాగూ దాటదు.
- ల్యాన్ తీగ కొసకి బిగించే ఆర్‌జే45 ప్లగ్గులు ఎనిమిది. రెండే చాలు కదా అంటారు. మొదటిసారి చేసేవాళ్లకి నాలుగు పాడవుతాయి.
- క్రింపింగ్ టూల్ (ప్లగ్గుని తీగకి నొక్కి బిగించేది), కేబుల్ టెస్టర్. కొనక్కర్లేదు, కంప్యూటర్ రిపేరు షాపులోనో సీసీ కెమెరాలు బిగించే కుర్రాడి దగ్గరో ఒక పూట అడిగి తెచ్చుకోవచ్చు.
- గోడ మీద తీగ కనపడకుండా పీవీసీ కేసింగ్, స్క్రూలు.
- ప్లగ్ పాయింట్ లేనిచోట పెట్టాలనుకుంటే పీఓఈ ఇంజెక్టర్. ల్యాన్ తీగలోనే కరెంటు పంపే చిన్న డబ్బా అది.

కేబుల్ గురించి ఇంకొక్క మాట. షాపులో చవకగా ఇచ్చేవాటిలో చాలావరకు సీసీఏ రకం. అంటే అల్యూమినియం తీగకి పైన రాగి పూత. కొనే ముందు ఒక కొస తీసి బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం, వద్దనండి. రాగి అయితే ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది. సీసీఏ తీగ ప్లగ్గు దగ్గర తెగుతుంది, పీఓఈ కరెంటు పంపితే వేడెక్కుతుంది కూడా.

క్రింపింగ్ మన వల్ల కాదు అనుకుంటే, రెండు వైపులా ప్లగ్గులు బిగించి ఉన్న రెడీమేడ్ కేబుల్ 15, 20, 30 మీటర్లలో దొరుకుతుంది. ప్లగ్గుతో సహా గోడలోని సన్నటి పైపుల్లో దూరదు, అదొక్కటే ఇబ్బంది. మెట్ల పక్కగా కేసింగ్‌లో వేసుకునేవాళ్లకి అదే సుఖం.

1. చోటు ఎంచుకోండి, కానీ అప్పుడే డ్రిల్లింగ్ వద్దు

మేడ మీద మధ్యలో ఉండే చోటు చూడండి. మన రెండంతస్తుల ఇళ్లలో అది సాధారణంగా మెట్లు ఎక్కగానే వచ్చే చిన్న హాలు. అక్కడి నుంచి అన్ని గదుల తలుపులూ కనిపిస్తాయి కాబట్టి సిగ్నల్‌కి గోడల కంటే తలుపులే ఎక్కువ అడ్డొస్తాయి. తలుపు చెక్కే కదా, పెద్ద లెక్క కాదు. సీలింగ్ మీద గానీ, గోడ మీద ఏడడుగుల ఎత్తులో గానీ పెట్టాలి. బాత్రూం గోడ, బీరువా వెనక, పెద్ద అద్దం పక్కన, అటక మీద సామాన్ల మధ్య వద్దు.

ఇప్పుడు అందరూ దాటేసే పని. గోడకి బెజ్జం పెట్టకముందే, తీగని మెట్ల మీదుగా ఊరికే పరిచేసి, యాక్సెస్ పాయింట్‌ని అనుకున్న చోట ఒక స్టూలు మీద పెట్టి, ఒక రోజంతా వాడి చూడండి. దీనికి ప్లగ్గులు ఉన్న తీగ కావాలి, అంటే 3వ, 4వ అంకెల్లోని పని ముందు చేయాలి. లేదా తెలిసినవాళ్ల దగ్గర రెడీమేడ్ తీగ ఒక రోజుకి తెచ్చుకోండి. తీగ తట్టుకుని ఎవరూ పడకుండా మెట్లకి టేపు వేయండి. మా ఇంట్లో నేను అనుకున్న చోటు కంటే రెండడుగులు పక్కకి జరిపితే చివరి గదిలో మైనస్ 74 కాస్తా మైనస్ 63 అయింది. మధ్యలో ఉన్న పిల్లరు తప్పుకుంది, అంతే.

2. తీగ దారి

ఇంట్లో పాత డిష్ కేబుల్ పైపు ఉందేమో చూడండి. డాబా మీద డిష్ నుంచి హాల్లో టీవీ దాకా గోడలోనే వేసి ఉంటుంది. డిష్ వాడటం మానేసి ఉంటే మీకు పండగే. పాత కేబుల్ కొసకి నైలాన్ తాడు కట్టి ముందు తాడుని లాగండి, తర్వాత తాడుతో ల్యాన్ కేబుల్ లాగండి. నేరుగా కొత్త తీగని పాతదానికి కట్టి లాగితే మధ్యలో ఊడిందనుకోండి, రెండూ పోతాయి. దారిలో బిగుసుకుంటే టాల్కం పౌడర్ చల్లండి. బలం పెట్టి గుంజొద్దు, లోపలి మెలికలు సాగిపోతాయి.

తీగ లాగేటప్పుడు ఒకటి కాదు, రెండు లాగండి. రెండోది ఊరికే ఉంటుంది. రేపు సీసీ కెమెరాకో, టీవీకో పనికొస్తుంది, మొదటిది ఎలక కొరికితే ప్రాణం నిలబెడుతుంది.

హైదరాబాద్, విజయవాడల్లో కొత్త ఫ్లాట్లలో ఉండేవాళ్లు ముందు టీవీ పాయింట్ పక్కన, ఫోన్ పాయింట్ దగ్గర ఖాళీ ప్లేట్లు విప్పి చూడండి. బిల్డర్ ల్యాన్ తీగో, ఖాళీ పైపో ముందే వేసి ఉండొచ్చు. ఉందని తెలియకుండానే అయిదేళ్లు గడిపినవాళ్లున్నారు.

గోడ బయట నుంచి వేయాల్సి వస్తే ఎండకి తట్టుకునే నల్ల తొడుగు కేబుల్ తీసుకోండి. ఇంట్లోకి వాడే బూడిదరంగు తీగ మన ఎండలకి పెళుసెక్కి విరిగిపోతుంది. బెజ్జం బయటికి వాలుగా పెట్టాలి. లోపలికి వచ్చే ముందు తీగ కొంచెం కిందికి వేలాడి పైకి రావాలి, అప్పుడు వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. కోతులున్న ఊరైతే పీవీసీ పైపులో వేయండి. ఇది సరదాకి చెప్పట్లేదు.

హెచ్చరికలు రెండు. కరెంటు తీగలున్న పైపులో ల్యాన్ కేబుల్ వేయకండి. ఎలక్ట్రీషియన్ "ఏం కాదు సార్, చోటుంది" అంటాడు. ఆ తీగ తొడుగు ఎక్కడో పాడైతే 230 వోల్టులు మీ రౌటర్‌కి, దాన్ని ముట్టుకున్న చేతికి వస్తాయి. పక్కపక్కన వెళ్లాల్సి వస్తే అడుగు ఎడం ఉంచండి, దాటాల్సి వస్తే అడ్డంగా ప్లస్ గుర్తులా దాటించండి. రెండోది: స్విచ్ బోర్డుకి నేరుగా పైనా కిందా డ్రిల్ పెట్టకండి, లోపల కరెంటు పైపు ఉంటుంది. బీములు, పిల్లర్ల జోలికి అసలే వెళ్లొద్దు.

3. ప్లగ్గులు బిగించడం

తీగ తొడుగు ఒక అంగుళం ఒలవండి. ఎనిమిది తీగలు జంటలుగా మెలికపెట్టి ఉంటాయి. వాటిని విప్పి ఎడమ నుంచి కుడికి ఈ వరుసలో పెట్టండి. ప్లగ్గు కొక్కెం కిందివైపు, రాగి పళ్లు మీకు కనిపించేలా పట్టుకోవాలి:

తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ.

రెండో కొసకీ ఇదే వరుస. తీగలు సమానంగా కత్తిరించి, ప్లగ్గు చివరి దాకా నెట్టండి. ప్లగ్గు ముక్కు దగ్గర ఎనిమిది రాగి చుక్కలు కనపడాలి. బయటి తొడుగు కూడా ప్లగ్గు లోపలికి వెళ్లాలి, లేదంటే నాలుగు నెలల్లో వదులై ఊగుతుంది. అప్పుడు టూల్‌తో నొక్కండి.

ఎక్కువమంది తప్పు చేసేది మూడు, ఆరు దగ్గర. తెలుపు-ఆకుపచ్చ పక్కనే ఆకుపచ్చ పెడితే చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని అలా పెట్టేస్తారు. కాదు, మధ్యలో నీలం జంట రావాలి. ఈ తప్పులో చిక్కేమిటంటే, రెండు కొసల్లోనూ ఒకేలా తప్పు చేస్తే మామూలు టెస్టర్‌లో 1 నుంచి 8 వరకు లైట్లన్నీ చక్కగా వెలుగుతాయి. తీగ మాత్రం పొడవు పెరిగేకొద్దీ తిక్కతిక్కగా పనిచేస్తుంది. టెస్టర్‌ని నమ్మే ముందు రంగులు కంటితో చూసుకోండి.

4. పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా మార్చడం

కొత్త యాక్సెస్ పాయింట్ కొన్నవాళ్లు ఈ అంకె దాటేయొచ్చు. దాని యాప్ చెప్పినట్టు చేస్తే చాలు.

ముందుగా, ఇంకా మెయిన్ రౌటర్‌కి కలపకండి. పాతదాన్ని విడిగా ఆన్ చేసి, వెనక చిన్న బెజ్జంలో పిన్నుతో పది సెకన్లు నొక్కి రీసెట్ చేయండి. ల్యాప్‌టాప్‌ని దానికి కలిపి, అడుగున స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్‌ని బ్రౌజర్‌లో తెరవండి.

సెట్టింగ్స్‌లో ఆపరేషన్ మోడ్ అని ఎక్కడైనా ఉందేమో వెతకండి. అందులో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది ఎంచుకోండి. మిగతాదంతా అదే చూసుకుంటుంది, తీగ ఏ పోర్టులో పెట్టాలో కూడా అదే చెప్తుంది. ఆ తర్వాత పాత అడ్రస్‌తో దాని పేజీ తెరుచుకోకపోవచ్చు. కంగారు పడకండి, మెయిన్ రౌటర్ దానికి కొత్త అడ్రస్ ఇచ్చి ఉంటుంది, మెయిన్ రౌటర్ పేజీలో కనెక్టెడ్ డివైజెస్ లిస్టులో కనిపిస్తుంది.

ఆ మోడ్ లేకపోతే చేత్తో చేయాలి. ఇక్కడ వరుస ముఖ్యం:

మొదట వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టి సేవ్ చేయండి. ఏం పెట్టాలో 5లో చెప్తాను.

రెండోది, ల్యాన్ ఐపీ, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో దాని అడ్రస్, మార్చండి. మీ మెయిన్ రౌటర్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. జియోఫైబర్ వాళ్లకి మెయిన్ అడ్రస్ 192.168.29.1 ఉంటుంది, అప్పుడు 192.168.29.2. అయితే ఒక పని చేయాలి. మెయిన్ రౌటర్‌లో డీహెచ్‌సీపీ (ఇంట్లో పరికరాలకి అడ్రసులు పంచే పని) పేజీ తెరిచి, ఫోన్లకి పంచే అడ్రసులు 2 నుంచే మొదలవుతుంటే దాన్ని 10 నుంచి మొదలయ్యేలా మార్చండి. లేదంటే ఏదో ఒక రోజు మీ టీవీకీ యాక్సెస్ పాయింట్‌కీ ఒకే అడ్రస్ వచ్చి కొట్టుకుంటాయి.

మూడోది, కొత్త అడ్రస్‌తో మళ్లీ లాగిన్ అయి డీహెచ్‌సీపీ ఆఫ్ చేయండి. ఇంట్లో అడ్రసులు పంచే పెద్దమనిషి ఒక్కరే ఉండాలి.

నాలుగోది, మెయిన్ రౌటర్ ల్యాన్ పోర్టు నుంచి వచ్చిన తీగని దీని ల్యాన్ పోర్టులోనే పెట్టండి. రంగు వేరుగా ఉన్న వ్యాన్ పోర్టులో (బయటి నెట్ తీగ పెట్టేది) కాదు. ఆ వ్యాన్ పోర్టు మీద నేను టేపు అంటించేస్తాను. ఎందుకంటే ఊడిన తీగని ఇంట్లోవాళ్లు తిరిగి పెట్టేటప్పుడు చేయి సరాసరి రంగు పోర్టు మీదకే వెళ్తుంది.

ఈ వరుస నేను అనుభవం మీద నేర్చుకున్నది. మొదటిసారి మా మామగారింట్లో చేసినప్పుడు డీహెచ్‌సీపీ ఆఫ్ చేశాను గానీ ఐపీ మార్చడం మర్చిపోయాను. రెండు రౌటర్లూ 192.168.1.1. ఇంట్లో ఏ ఫోన్ ఎవరితో మాట్లాడుతోందో దానికే తెలియదు. సరిగ్గా అత్తయ్యగారు సీరియల్ పెట్టే టైముకి ఇల్లంతా నెట్ పోయింది. "బాగానే ఉన్నదాన్ని కదిలించావు కదా నాయనా" అన్నారు. మళ్లీ పిన్నుతో రీసెట్ చేసి మొదటి నుంచి చేయడానికి గంట పట్టింది.

అన్నీ అయ్యాక ఐపీ అడ్రస్, లాగిన్ పాస్‌వర్డ్ కాగితం ముక్క మీద రాసి రౌటర్ అడుగున అంటించండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్‌ని మాత్రం అలాగే వదిలేయకండి.

5. పేరు, చానల్, పవర్

వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం, మూడూ కింద ఉన్నట్టే పైనా ఉండాలి. అక్షరం పొల్లు పోకూడదు, చివర ఖాళీ కూడా ఉండకూడదు. కింద డబ్ల్యూపీఏ2 ఉంటే పైనా అదే. అప్పుడే ఫోన్ మెట్లు ఎక్కుతూ తనంతట తానే మారుతుంది. కింద ఉన్న పేరుని కదిలించకండి, పైదానికి ఆ పేరు పెట్టండి. కింది పేరు మార్చారంటే బల్బులు, కెమెరాలు, టీవీ అన్నీ మళ్లీ కలుపుకోవాలి.

పరీక్షించే మొదటి రోజు మాత్రం పైదానికి "మేడ" అని వేరే పేరు పెట్టుకుంటే ఫోన్ ఎవరికి అతుక్కుందో తెలుస్తుంది. తృప్తిగా ఉన్నాక ఒకే పేరు చేయండి.

చానళ్లు మాత్రం వేరుగా ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి తగలని చానళ్లు 1, 6, 11 మాత్రమే. కింద 1 పెడితే పైన 6 గానీ 11 గానీ, పక్కింటివాళ్లు ఏది తక్కువ వాడుతున్నారో ఎనలైజర్‌లో చూసి పెట్టండి. 3, 4 లాంటివి పెడితే తెలివి అనిపిస్తుంది, రెండు వైపులా దెబ్బ తింటారు. చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 5 గిగాహెర్ట్జ్‌లో కింద 36, పైన 149 పెట్టుకోండి. విడి ఇల్లయితే వెడల్పు 80, అపార్ట్‌మెంట్‌లో చుట్టూ నలభై వైఫైలు ఉంటే 40.

రెండు డబ్బాల సెట్టింగ్స్‌లోనూ పవర్ అన్నచోట హై ఉంటుంది. 2.4కి దాన్ని మీడియం గానీ లో గానీ చేయండి. ఇది ఎవరికీ నచ్చదు. డబ్బు పెట్టి తెచ్చుకుని తగ్గించడమేంటి అంటారు. ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోనే, రౌటర్ కాదు. కింది సిగ్నల్ పైన కూడా కాస్త అందుతుంటే కొన్ని ఫోన్లు బల్లిలా దానికే అతుక్కుని, నెత్తి మీదున్న యాక్సెస్ పాయింట్‌ని చూడవు.

6. బిగించి కరెంటు ఇవ్వడం

పక్కన ప్లగ్ పాయింట్ ఉంటే అడాప్టరే మేలు. పాత రౌటర్ అడాప్టర్ పోయి వేరేది పెట్టేటట్టయితే వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు.

పీఓఈ వాడేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. పీఓఈ రెండు జాతులు. 802.3ఏఎఫ్, 802.3ఏటీ అని రాసి ఉన్నవి అవతల ఉన్న పరికరం పీఓఈదేనా అని అడిగి తెలుసుకున్నాకే కరెంటు పంపుతాయి. ప్యాసివ్ రకం ఏమీ అడగదు, 24 వోల్టులో మరెన్నో నేరుగా పంపేస్తుంది. అది పీఓఈ లేని రౌటర్‌కో ల్యాప్‌టాప్‌కో తగిలితే పోర్టు కాలిపోవచ్చు. యాక్సెస్ పాయింట్ డబ్బాలో వచ్చిన ఇంజెక్టర్‌నే వాడండి. ల్యాన్ అని రాసిన వైపు రౌటర్‌కి, పీఓఈ అని రాసిన వైపు యాక్సెస్ పాయింట్‌కి. పాత రౌటర్‌కి పీఓఈ పనికిరాదు.

కరెంటు పోయినా నెట్ ఉండాలంటే కింద ఫైబర్ డబ్బాకి, పైన యాక్సెస్ పాయింట్‌కి, రెండింటికీ ఇన్వర్టర్ లైనో మినీ యూపీఎస్సో కావాలి. ఒక్కదానికే పెట్టి ఎందుకు రావట్లేదని అడిగేవాళ్లు చాలామంది.

సరిగ్గా వచ్చిందా? ఇలా చూసుకోండి

మొదట తీగ. ల్యాప్‌టాప్‌ని పై యాక్సెస్ పాయింట్ పోర్టుకి, పోర్టు ఖాళీ లేకపోతే నేరుగా తీగ కొసకి కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. ఇంజెక్టర్ ఉంటే తీగని దాని నుంచి తీసేసి రౌటర్‌లో పెట్టాకే. మీ ప్లాన్ 200 ఎంబీపీఎస్ అయి ఉండి, ఎన్నిసార్లు చూసినా 94 దగ్గరే ఆగుతుంటే లింకు 100 మీద కూర్చున్నట్టు. గిగాబిట్‌కి ఎనిమిది తీగలూ కావాలి, 100కి నాలుగు చాలు. ప్లగ్గులో ఒక తీగ అందలేదు, లేదా పాత రౌటర్ పోర్టులే 100వి. ప్లగ్గు కోసి మళ్లీ బిగించి చూడండి. ప్లాన్ 100 లోపే అయితే ఈ టెన్షన్ మీకు అక్కర్లేదు.

తర్వాత అడ్రస్. పై గదిలో వైఫైకి కలిసిన ఫోన్‌లో నెట్‌వర్క్ వివరాలు తెరవండి. కింద 192.168.1 వరుస ఉంటే పైన కూడా అదే వరుస రావాలి, గేట్‌వే, అంటే మెయిన్ రౌటర్ అడ్రస్, 192.168.1.1 ఉండాలి. పైన 192.168.0 లాంటి వేరే వరుస వస్తుంటే తీగ వ్యాన్ పోర్టులో ఉంది, డీహెచ్‌సీపీ ఆఫ్ కాలేదు. నెట్ వస్తుంది కాబట్టి చాలామంది గమనించరు. కానీ మేడ మీద ఫోన్ నుంచి కింది టీవీకి వీడియో వేయాలన్నా, ప్రింటర్‌కి కాగితం పంపాలన్నా కనపడదు.

ఇప్పుడు ఆ పాత కాగితం తీయండి. అవే చోట్ల నిలబడి కొత్త అంకెలు పక్కన రాయండి. పై గదులన్నీ మైనస్ 65 లోపు వస్తే పని బాగా అయినట్టు. ఒక గది మొండికేస్తే పవర్ పెంచకండి, చోటు మార్చండి.

చివరిగా నడక. వాట్సాప్ వీడియో కాల్ పెట్టి హాల్లోంచి మేడ మీదకి మామూలుగా నడవండి. మెట్ల మధ్యలో ఒకటి రెండు సెకన్లు బొమ్మ ఆగి మళ్లీ నడిస్తే సరే. పైకి వెళ్లాక కూడా ఆగుతూ ఉంటే ఫోన్ కిందిదాన్నే పట్టుకుని ఉంది, కింది రౌటర్ 2.4 పవర్ ఇంకో మెట్టు తగ్గించండి.

అన్నీ సరిగ్గా ఉండి హఠాత్తుగా ఇల్లంతా నెట్ పోతే

ముందు చూడాల్సింది లూప్. మీరు లాగిన రెండో తీగ కొస ఖాళీగా కనపడిందని ఇంట్లో ఎవరో రెండు వైపులా పోర్టుల్లో పెట్టేసి ఉంటారు. ఒకే రెండు డబ్బాల మధ్య రెండు తీగలు కలిస్తే సమాచారం గుండ్రంగా తిరిగి తిరిగి మొత్తం స్తంభించిపోతుంది. లైట్లన్నీ పిచ్చిగా మినుకుతుంటాయి. ఒక తీగ పీకితే సర్దుకుంటుంది.

తీగ లాగడం కుదరనివాళ్లకి

అద్దె ఇల్లు, ఓనర్ మేకు కొట్టనివ్వడు. అలాంటప్పుడు మెష్ వైఫై (గాలిలోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డబ్బాల సెట్టు) కొనుక్కోండి, మూడు బ్యాండ్లున్న రకమైతే ఒక బ్యాండు డబ్బాల మధ్య మాటలకే కేటాయించుకోవచ్చు. రెండో డబ్బాని సిగ్నల్ లేని గదిలో పెట్టకండి, అక్కడికి సగం దూరంలో, మెట్ల దగ్గర పెట్టండి. దానికే సిగ్నల్ అందకపోతే మీకేం ఇస్తుంది? కరెంటు తీగల మీద నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లూ ఉన్నాయి. కింద ఒక ఫేజు, పైన ఇంకో ఫేజు, మధ్యలో ఇన్వర్టర్ ఉండే మన ఇళ్లలో అవి నడుస్తాయని నేను హామీ ఇవ్వను. తిరిగి తీసుకుంటామంటేనే కొనండి.

పెరటి అవతల వేరే ఇంటికో, పొలం దగ్గర షెడ్డుకో నెట్ కావాలంటే మాత్రం రాగి ల్యాన్ కేబుల్ బయట నుంచి లాగకండి. దగ్గర్లో పిడుగు పడితే ఆ తీగ వెంబడి రెండు వైపులా సామాను కాలిపోతుంది. ఎదురెదురుగా అడ్డు లేకుండా కనిపిస్తుంటే ఒక జత వైర్‌లెస్ బ్రిడ్జ్ (ఒకచోటి నుంచి ఇంకోచోటికి గాలిలో నెట్ పంపే డబ్బాలు) పెట్టండి. అడ్డు ఉంటే లోహపు తీగ లేని ఫైబర్ వేసి రెండు కొసలా ఫైబర్‌ని ల్యాన్ తీగకి కలిపే మీడియా కన్వర్టర్లు పెట్టించండి.

అన్నీ బాగా నడుస్తున్నాక ఎప్పుడో ఒక రోజు కనెక్షన్ వాళ్లు వచ్చి కింది డబ్బా మార్చి కొత్తది పెడతారు. అతను వెళ్లిపోకముందే పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే పెట్టించుకోండి. కొత్త డబ్బా అడ్రస్ కూడా చూసుకోండి. అది 192.168.1.1 కాకుండా వేరే వరుసలో ఉంటే మేడ మీద నెట్ వస్తుంది గానీ యాక్సెస్ పాయింట్ పేజీ తెరుచుకోదు. కొత్త డబ్బా ల్యాన్ ఐపీని పాతదానికి మార్చమనండి. రెండు నిమిషాల పని, అతను అక్కడున్నప్పుడే అవుతుంది.